మా వంటింట్లోంచి పోయిన ఎర్ర గీత

చిరంజీవి బుజ్జికి,

పిన్ని ఆశీస్సులు. ఇక్కడ అంతా క్షేమం అని రాద్దామనుకున్నాను గానీ, మా ఇల్లు సగమే క్షేమం.

మీ భద్రతా ఆఫీసు వాళ్లు వీధిలో ఇంటింటికీ ఒక పటం పంచారు. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా ట్యాంకు పగిలితే గ్యాసు ఎంతదూరం వస్తుందో దాని మీద ఎర్ర గీత గీశారు. ఆ గీత సరిగ్గా మా ఇంటి మధ్యలోంచి పోయింది. హాలు బయట, వంటిల్లు లోపల. మీ బాబాయి పటాన్ని గోడకి అంటించి, వంటింటి గడప దగ్గర ఆగిపోయారు. ఆ రోజు నుంచి గిన్నె తోమితే ఒట్టు, కూర తరిగితే ఒట్టు. "నాకు రావాలనే ఉంది, సర్కారే వద్దంటోంది" అంటారు. పటాలు గీసేది నువ్వేనట కదా. ఆ గీతని కాస్త జరుపు.

ఇట్లు,
నీ పిన్ని

తా.క. ఎటు జరిపినా మనిషి వంటింట్లోకి రావాలి. అది చూసుకో.

*

పిన్నికి నమస్కారాలు.

గీత జరపడం నా చేతిలో లేదు. ట్యాంకులో గ్యాసు ఎంతుంది, గాలి ఎలా వీస్తుంది అని లెక్కగట్టి వేసిన అంచనా అది. గీత అంటే గోడ కాదు పిన్నీ. గ్యాసు వంటింట్లో ఆగి, హాల్లోకి రావచ్చా అని అడగదు. సైరన్ మోగితే ఇంట్లోకి వచ్చి తలుపులూ కిటికీలూ బిగించుకోండి. మిగతా రోజుల్లో వంటింట్లో నిశ్చింతగా తిరగొచ్చని బాబాయికి నా మాటగా చెప్పు.

ఉంటాను,
బుజ్జి

తా.క. ఆ ట్యాంకు పగిలే అవకాశం కన్నా, బాబాయి బాత్రూములో జారిపడే అవకాశమే ఎక్కువ.

*

చిరంజీవి బుజ్జికి ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ బాబాయి మళ్లీ మళ్లీ చదివారు. బాత్రూములో స్నానం మానేశారు. వాకిట్లో మొక్కలకి నీళ్లు పట్టే గొట్టం కింద నిలబడుతున్నారు. ఎదురింటావిడ కిటికీలు మూసేసుకుంటోంది. "చూశావా, సైరన్ మోగకముందే ఎంత జాగ్రత్తో" అని మెచ్చుకుంటున్నారు ఈయన.

సైరన్ అంటే గుర్తొచ్చింది. మొన్న ఫ్యాక్టరీ వాళ్లు దాన్ని మోగించి చూశారట. నేను కుక్కర్ కూతనుకున్నాను. లేచి వెళ్లి స్టవ్ ఆపేశాను. తీరా చూస్తే అన్నం పలుకు. పక్కింటావిడా అదే పని చేసింది. ఆ పూట వీధి వీధంతా నమిలి నమిలి తిన్నాం.

ఇట్లు,
పిన్ని

తా.క. మీ బాబాయి పళ్లు గట్టివి కాబట్టి సరిపోయింది. అందులోనూ ప్రమాదం ఉందని రాయకు, తిండి మానేస్తారు.

*

పిన్నికి నమస్కారాలు.

నవ్వుతూ చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. ఫ్యాక్టరీ వాళ్లు మాకిచ్చిన నివేదికలో "సైరన్ అందరికీ వినిపించింది, అందరూ వెంటనే స్పందించారు" అని ఉంది. స్పందించడమంటే స్టవ్ ఆపడమని మాకెలా తెలుస్తుంది? నిజంగా గ్యాసు బయటికొచ్చిన రోజు కూడా మీరంతా కిటికీలు బార్లా తెరుచుకుని కుక్కర్ ముందు నిలబడతారన్నమాట. వచ్చే వారం బడిలో సభ పెడుతున్నాం. మా పెద్ద ఆఫీసరమ్మ వస్తున్నారు. నువ్వొచ్చి ఇదే మాట చెప్పు.

బుజ్జి

తా.క. రబ్బరు చాప ఒకటి పంపుతున్నాను. దాని మీద నిలబడితే కాలు జారదని బాబాయికి చెప్పు.

*

చిరంజీవి బుజ్జికి,

సభకి వెళ్లాను. చెప్పడానికి లేచాను. ఫ్యాక్టరీ మేనేజరు "సైరన్ మీకు వినిపించింది కదమ్మా" అన్నాడు.

"వినిపించింది బాబూ. విని స్టవ్ ఆపాను" అన్నాను.

వెనక వరసల్లోంచి "మేమూ అంతే, మేమూ అంతే" అని చేతులు లేచాయి. జనం గొల్లుమన్నారు గానీ మీ ఆఫీసరమ్మ నవ్వలేదు. కళ్లజోడు తీసి, "అంత గ్యాసు ఒక్కచోట ఎందుకు నిలవ పెట్టారు?" అని అడిగింది.

"మాటిమాటికీ తెప్పించుకోవడం ఇబ్బందండీ" అని నసిగాడు.

"వీళ్లంతా ఊపిరి బిగబట్టుకుని బతకడం కన్నా ఇబ్బందా?" అంది.

బయటికొచ్చాక పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఫ్యాక్టరీ వైపు కిటికీ దగ్గర గాలి బాగా వస్తుందని పసిపిల్ల ఉయ్యాల అక్కడే వేసింది. ఇంటికి వెళ్తూనే దాన్ని లోపలి గదిలోకి మార్చింది. నాకూ అప్పుడు పట్టుకుంది భయం.

ఇట్లు,
పిన్ని

తా.క. చాప అందింది. మీ బాబాయి దాన్ని వాకిట్లో పరుచుకుని స్నానం చేస్తున్నారు.

*

పిన్నికి నమస్కారాలు.

శుభవార్త. పెద్ద ట్యాంకు తీసేసి చిన్నది పెట్టేదాకా ఫ్యాక్టరీ నడపకూడదని ఆఫీసరమ్మ ఉత్తర్వు ఇచ్చారు. ఫ్యాక్టరీ వాళ్లు చిన్నది పెట్టేశారు, మా వాళ్లు వెళ్లి చూసొచ్చారు కూడా. సైరన్‌కి కొత్త కూత వస్తుంది, కుక్కర్‌తో పోలికే ఉండదు. ఇప్పుడు ఎర్ర గీత ఫ్యాక్టరీ ప్రహరీ దాటి రాదు. కొత్త పటం ఇందులో పెట్టాను. బాబాయికి ఇంక సాకు లేదు.

బుజ్జి

తా.క. గోడ మీది పాత పటం నీ చేత్తోనే చింపెయ్యి.

*

చిరంజీవి బుజ్జికి,

నిండు నూరేళ్లూ చల్లగా ఉండు. కొత్త పటం పట్టుకుని ముందు పక్కింటికి పరుగెత్తాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఉయ్యాల మళ్లీ కిటికీ దగ్గరికి మార్చింది. నీ చదువు సార్థకమైంది నాయనా.

ఇక పాత పటం సంగతి. చింపలేదు. నీ దగ్గర దాపరికమెందుకు, ఇన్నాళ్లూ నా వంటింట్లో మూతలు తీసి చూసేవాళ్లు లేరు. "ఉప్పు వేశావా, మంట తగ్గించావా" అని చెవిలో జోరీగలా తిరిగేవాళ్లు లేరు. గిన్నెలు నేనే తోముకుంటున్నాను, నిజమే. కానీ పెళ్లయ్యాక మొదటిసారి పాట పాడుకుంటూ వండుతున్నాను. కొత్త పటం బియ్యం డబ్బా కింద పెట్టాను. నువ్వు నోరు జారకు.

ఇట్లు,
నీ పిన్ని

తా.క. కూర ఇదివరకటి కన్నా బాగుంటోందని మీ బాబాయే అంటున్నారు.

మరో తా.క. ఒరేయ్ బుజ్జీ, నేను బాబాయిని. పోస్టులో వెయ్యమని మీ పిన్ని కవరు చేతికిస్తే, అంటించే ముందు చదివాను. కొత్త పటం సంగతి పక్కింటాయన నాకు ఆ రోజే చెప్పాడు. నేను కిక్కురుమనలేదు. మీ పిన్ని పాట హాల్లోకి చక్కగా వినిపిస్తుంది. గోడ మీది పటం రంగు వెలిసిపోతోంది. ఆఫీసులో పాతవి మిగిలితే ఒకటి పంపించు.