సీసాలో పోసిన మాత్రలు

శ్రీవారికి,

ఇక్కడ నేనూ పిల్లలూ బాగానే ఉన్నాం. మీరూ అక్కడ మీ చెల్లెలింట్లో బాగున్నారని తలుస్తాను అని రాయడం మామూలు. ఆ ముక్క రాయను. బాగాలేనని మీరే నాలుగు పేజీలు నింపారుగా! చదివినప్పటి నుంచి ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేస్తే ‘ఊఁ’ తప్ప అనరు. అందుకే ఈ ఉత్తరం మీ డిపో స్నేహితుడి చేతికిచ్చి పంపుతున్నాను. సాయంత్రం బస్సుకే అందిస్తాడు.

‘అయస్కాంతం వైద్యం నాకు పట్టలేదు, శనివారం వచ్చేస్తాను, ఇక నా మీద ఆశ వదిలేసుకో’ అంటారా? ఎంత తేలిగ్గా రాశారండీ! పద్దెనిమిదేళ్లు బస్సు నడిపారు. ఒక్కరోజైనా సగం దారిలో జనాన్ని దింపేసి వచ్చారా?

అడిగినవాటికి జవాబులు చెబుతాను. పెద్దది లెక్కల్లో గట్టెక్కింది. చిన్నాడు మీ ఖాకీ చొక్కా తొడుక్కుని మంచాన్ని బస్సు చేసి నడుపుతున్నాడు. అయస్కాంతం తగిలిన వాచీ ఏమవుతుందని అడిగారు. పిచ్చెత్తినట్టు ముందుకు పరిగెడుతుంది. అలాంటివి నా బల్ల మీదికి ఎన్నో వస్తాయి, బాగుచేసి పంపిస్తాను. మీ తల వాచీ కాదు, భయపడకండి. తలకు ఆనించి టకటకలాడించే ఆ యంత్రం లోపల మందగించిన చోటును తట్టి లేపుతుందని డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పిందిగా.

‘తల తిరుగుతోంది, నిద్ర లేదు, ఒంట్లో కరెంటు కొట్టినట్టుంది, అంతా ఆ యంత్రం వల్లే’ అని రాశారు. ఆ ముక్క రెండుసార్లు చదివాను. ఇక దాచలేను.

వాచీలు బాగుచేసేవాళ్లం ఒక పద్ధతి పాటిస్తాం. మా నాన్న చెంపదెబ్బ కొట్టి మరీ నేర్పాడు. ఒకసారికి ఒకే మరమ్మతు. రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలిసి చావదు. ‘మాత్రలు ఆపకూడదు, యంత్రమూ నడవాలి, రెండూ కలిస్తే ఈయనకి మేలు’ అని డాక్టరమ్మ అన్నప్పుడు తలూపాను. లోపల మాత్రం ఈవిడకేం తెలుసనుకున్నాను. రెండేళ్లు మింగినా ఆ దిగులు జబ్బు నుంచి సగమే తేరుకున్నారు కదా, ఇంకా ఆ మాత్రలెందుకు అనుకున్నాను. అట్ట చింపే ఓపిక మీకు లేదని ఎప్పుడూ నేనే సీసాలో పోసి ఇస్తాను కదా. ఈసారి పోసినవి అవి కావండీ. బలం మాత్రలు. అదే తెలుపు, అదే సైజు. నాలుగు దుకాణాలు తిరిగి ఏరి మరీ కొన్నాను.

పొద్దున్నే డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను. కడిగిపారేసింది. “మనిషనుకున్నావా, వాచీ అనుకున్నావా అమ్మా? మందు ఒక్కసారిగా లాగేస్తే తల తిరగదా, ఒంట్లో కరెంటు కొట్టినట్టుండదా, ఆయన ఏమైపోవాలి? రెండూ అందుతున్నాయనుకుని, ఈ వైద్యం పనిచేయలేదని రాసేయబోయాను!” అంది. రేపు తొమ్మిదింటికి మిమ్మల్ని చూస్తానంది. మీ చెల్లెలు తీసుకెళుతుంది. ఆ సీసా కూడా పట్టుకెళ్లండి. మాత్రలు మళ్లీ ఎలా మొదలుపెట్టాలో ఆవిడే చెబుతుంది. మీరూ నేనూ సొంత తెలివి ఉపయోగించొద్దు, నా తెలివి చూశాంగా!

బాగుపడని మనిషినని రాశారు. బాగుపడనివ్వని దాన్ని నేను. మీ మీద కోపమని మొదలుపెట్టాను, అది నా మీద కోపం.

ఒక్కటే అడుగుతున్నాను. అడ్డొచ్చిన ప్రతి లారీవాణ్ణీ కిటికీలోంచి తల బయటపెట్టి ఏడు తరాలూ కలిపి తిట్టిన నోరు మీది. రెండేళ్లుగా కూర మాడ్చినా ‘పర్లేదు’ అంటారు. ఆ మాట వినలేక చస్తున్నాను. దీనికి కూడా ‘పర్లేదు’ అని రాశారంటే ఊరుకోను. తిట్టండి. కాగితం మీద చాలకపోతే, వైద్యం పూర్తి చేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడి, వీధంతా వినేలా తిట్టండి.

ఇట్లు,
ఆ తిట్ల కోసం తలుపు తీసిపెట్టుకుని కూర్చున్న
మీ భార్య