తూర్పు గది సిలాసుది

ఢిల్లీ, సాకేత్ డీడీఏ ఫ్లాట్లలో ఉంటున్న దారా ఆనందకుమారి అనే నేను, కీర్తిశేషులు దారా ప్రకాశరావు గారి భార్యను, వయసు అరవై ఏడు, ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై ఏడేళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని, నిండు తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఇవాళ నా బీపీ నూట ముప్పై బై ఎనభై. నేనే చూసుకున్నాను. నా మతిస్థిమితం మీద ఎవరికైనా అనుమానం కలిగితే, ముందు నా తమ్ముడు పల్లెపోగు సిలాసు మతి సంగతి విచారించి తర్వాత నా దగ్గరకు రావాలి.

ఇంతకుముందు నేను రాసిన కాగితాలేవీ ఇక చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత అడ్వొకేటు సుధీంద్ర గారిది. వీలునామాను మనిషి పోయాక చదువుతారని ఆయన నాకు రెండుసార్లు చెప్పారు. నాకు తెలుసు. అయినా దీని నకలు ఒకటి ఇప్పుడే, నేను బతికుండగానే, ఇటార్సీలో ఉన్న సిలాసుకు పంపాలి. పోయాక చదివితే వాడికి ఉపయోగం లేదు.

1. నా స్వార్జితమైన ఈ ఫ్లాటు నా తదనంతరం నా ఒక్కగానొక్క కూతురు కెరెన్‌కు సర్వహక్కులతో చెందుతుంది. అయితే ఇందులోని తూర్పు గదిలో సిలాసుకు బతికినంతకాలం ఉండే హక్కు ఉంది. ఆ హక్కు నా తదనంతరం మొదలయ్యేది కాదు. ఏడాదిన్నర కిందట, వాడి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసిన వారమే మొదలైంది. మంచం వేయించాను. బాత్రూము గోడకు పట్టుకునే కడ్డీలు పెట్టించాను. కడ్డీలు తుప్పు పడుతున్నాయి గాని మనిషి రాలేదు.

2. కెరెన్ తన వ్యాయామం సైకిలును ఆ గదిలోంచి వెంటనే తీసెయ్యాలి. అది స్టోరు రూము కాదు. అడిగితే, "మమ్మీ, మామా నహీ ఆయేంగే, ఛోడో నా" అంటుంది, మామయ్య రాడు, వదిలెయ్యమని. వదిలెయ్యడానికి వాడు రైల్లో మరిచిపోయిన గొడుగు కాదు. నా తమ్ముడు.

3. ఇక్కడ సంగతి కొంత చెప్పాలి. సిలాసు గూడ్సు రైళ్లకు గార్డుగా ముప్పై ఆరేళ్లు చేశాడు. చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చుని, వెనక్కి పోయే పట్టాలు చూస్తూ బతికినవాడు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక కూడా ఇటార్సీ స్టేషను పక్కన ఒక్క గదిలో ఉన్నాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్ కోసం భోపాల్ వెళ్తాడు. మా ఇంటి నుంచి డయాలసిస్ సెంటరుకు ఆటోలో పది నిమిషాలని చెబితే, "నాకు రైల్వే పాసుంది, ఊరికే పోతంది గదా" అన్నాడు. రక్తం శుభ్రం చేయించుకోవడానికి పాసు చెల్లే రైలు చూసుకునే మనిషిని నా సర్వీసులో ఇంకొకణ్ణి చూడలేదు.

సెప్టెంబరులో తిరిగి వస్తూ ప్లాట్‌ఫాం మీద పడ్డాడు. నుదుటికి ఆరు కుట్లు. నాకు చెప్పింది వాడు కాదు, పక్క గదిలో ఉండే అంకయ్య గారు. మర్నాడే బయల్దేరి వెళ్లాను. కట్టుతోనే నాకు టీ పెట్టి ఇచ్చాడు. సిగ్నళ్ల గురించి గంటసేపు మాట్లాడాడు. నేను ఇంటి మాట ఎత్తగానే రేడియో పెట్టాడు. నేను ఆపాను. వాడు మళ్లీ పెట్టాడు. అరవై దాటిన ఇద్దరం ఒక రేడియో మీటతో కొట్లాడుకున్నాం.

అక్టోబరులో చెప్పకుండా వెళ్లాను. గదికి తాళం వేసి ఉంది. డయాలసిస్ రోజు కాదు. "మీరు రిక్షా దిగడం చూసి వెనకనించి ఎల్లిపోయాడమ్మా," అన్నారు అంకయ్య గారు, తప్పంతా తనదైనట్టు తల దించుకుని. గుమ్మం ముందు మూడు గంటలు కూర్చున్నాను. కిటికీలోంచి లోపల ఆవకాయ జాడీ కనిపించింది. ఉప్పు తగ్గించమని డాక్టర్లు చెప్పిన మనిషి గదిలో కిలో ఆవకాయ! నర్సుగా చెబుతున్నాను, అది ఆత్మహత్యలో ఒక రకం.

4. నా బీపీ మిషను, చేతిగడియారం అంకయ్య గారికి. సొంతవాళ్లం చెయ్యలేనిది ఆయన చేస్తున్నారు. ఆ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

5. నా వెట్ గ్రైండరు పై అంతస్తు అనసూయ గారికి. పదకొండేళ్లుగా అది ఆమె ఇంట్లోనే ఉంది. ఇప్పుడు చట్టబద్ధం చేస్తున్నాను.

6. అమ్మ కుట్టిన బొంత సిలాసుకు. పాత యూనిఫాం చొక్కాలు ఇల్లు తుడుచుకోవడానికి పనికొస్తాయని వాడు పంపితే, అమ్మ ఒక్కటి కూడా నేలకు తగలనివ్వలేదు. కళ్లు కనపడకపోయినా చేతులతో తడిమి ముక్కలు కలిపింది. వాడికి ఈ సంగతి తెలియదు. జనవరి చలికి ఢిల్లీలో దానంత వెచ్చనిది లేదు. పోస్టులో పంపను. వచ్చి కప్పుకోవాలి.

7. నా అంత్యక్రియల గురించి. ఇది చెప్పాలంటే పదమూడేళ్లుగా వాడు ఈ గడప ఎందుకు తొక్కలేదో చెప్పాలి.

రెండువేల పదకొండు జనవరిలో అమ్మ ఈ ఇంట్లోనే పోయింది. సిలాసు రైలు మంచులో మథుర దగ్గర నిలిచిపోయింది. ఫోను చేసి, "రేపు పొద్దున్నకల్లా వచ్చేస్తా, ఆగక్కా," అన్నాడు. నేను ఆగలేదు. ఆ సాయంత్రం నాలుగింటికే సమాధుల తోటకు తీసుకెళ్లిపోయాను. పాస్టరు గారికి వేరే ఊరు వెళ్లే పని ఉందని అందరికీ చెప్పాను. అది అబద్ధం. మార్చురీలో ఒక్కరోజు ఉంచమని అడగడానికి నాకు ఒక్క ఫోను చాలు, అక్కడందరూ నా వాళ్లే. నాలుగు నెలలు అమ్మ మంచంలోంచి, "సిలాసు ఎప్పుడొత్తాడే?" అని అడిగింది. సెలవు లేదంటూ వాడు రాలేదు. బతికుండగా రానివాడి కోసం ఇప్పుడెందుకు ఆగాలి అనుకున్నాను. కోపంతో చేశాను.

మర్నాడు పదింటికి చామంతి దండతో వచ్చాడు. తడి మట్టి దగ్గర నిలబడి, "ఒక్క రోజు ఆగలేకపోయావా?" అన్నాడు. అన్నం తినకుండా అటునుంచి అటే స్టేషనుకు వెళ్లిపోయాడు.

తప్పు నాది. ఈ మాట ఇన్నేళ్లలో నేను కెరెన్‌తో కూడా అనలేదు. వీలునామాలో ఏదైనా తర్వాత మార్చుకోవచ్చని సుధీంద్ర గారు అంటున్నారు. మిగతావి మారుస్తానేమో, ఇది మార్చను.

కాబట్టి నేను పోయినప్పుడు, సిలాసు బతికుంటే, వాడు వచ్చేదాకా నన్ను పూడ్చకూడదు. మంచు పడినా, రైళ్లు ఆగినా, వారం పట్టినా సరే. ఎవరు తొందరపెట్టినా కెరెన్ ఈ కాగితం చూపించాలి.

8. పై ఏడూ టైపు చేయించి నకలు పంపాను; ఈ ఎనిమిదోది మాత్రం సంతకానికి ముందు నా చేత్తో రాస్తున్నాను. నకలు పోయిన గురువారం ఇటార్సీ చేరింది. సిలాసుకు చూపు సరిగా ఆనడం లేదు గనక అంకయ్య గారు చదివి వినిపించారు. ఆయన ఫోనులో చెప్పింది ఇది: "ఏడోది మళ్లీ చదవమన్నాడమ్మా. చదివాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు, అన్నం కూడా వద్దన్నాడు. పొద్దున్నే లేచి బట్టల పెట్టె ఎక్కడుందని అడిగాడు."

బుధవారం భోపాల్‌లో డయాలసిస్ అయ్యాక అంకయ్య గారు వెంట ఉండి రైలెక్కిస్తారు, ఢిల్లీ దాకా వస్తారు. ఇక్కడ శనివారానికి డయాలసిస్ సీటు మాట్లాడాను. గది ఖాళీ అయింది, సైకిలు బాల్కనీలోకి పోయింది.

ఆదివారం సిలాసే ఫోను చేశాడు. ఆవకాయ జాడీ తెస్తానన్నాడు. వద్దన్నాను. తెస్తానన్నాడు. చక్రాల కుర్చీ స్టేషనుకు తేవద్దన్నాడు. తెస్తానన్నాను. తర్వాత, "స్టేషన్నించి ముందు ఇంటికి గాదు. అమ్మ దగ్గరికి. నువ్వు గూడా రావాలి," అన్నాడు.

ఠీక్ హై అన్నాను. వస్తాను, ఈసారి వాడు దండ వేసేదాకా పక్కన నిలబడతాను.

తేదీ: 2024 డిసెంబరు 2, సోమవారం, ఢిల్లీ.

(సంతకం) దారా ఆనందకుమారి

మా ఇద్దరి ఎదుట ఆమె చదువుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, సంతకం చేశారు. ఆమె చూస్తుండగా మేమూ చేశాం.

సాక్షులు:
1. కె. నథానియేలు, రిటైర్డు ల్యాబ్ టెక్నీషియన్, సాకేత్
2. వి. సరోజ, కింది ఫ్లాటు