కమండలంలో చేప

బుధవారం, బరంపురం.

మా మందుల హోల్‌సేల్ కొట్టు ఓనరు అప్పలస్వామికి అన్ని బ్రాంచీల అమ్మకాల లెక్కలూ ఒకేచోట దాచే డేటా వేర్‌హౌస్ కావాలి. అక్కడ కంప్యూటర్లు చూసేది నేనే కాబట్టి, సగం డిస్కు స్లాట్లు ఖాళీగా ఉండే స్టోరేజ్ పెట్టె కొనమన్నాను. రేపు చికిటి, భంజనగర్ బ్రాంచీల డేటా కూడా వచ్చి పడ్డాక డిస్కులు పెంచుకోవాలి కదా! ఆయన ఇవాళ్టికి సరిపోయే చిన్నది ఆర్డరు పెట్టేశాడు. అందులో ఇంకొక్క డిస్కు పట్టదు. అది నిండినరోజు పాతదంతా చెరిపెయ్యమనేది నన్నే.

ఆదివారాలు గుళ్లో పురాణం చెప్తాను; పోయిన వారం అందులో, రాజు దోసిట్లో పడ్డ చేప కమండలం చాలక, చెరువు చాలక, సముద్రమంత పెరిగిందంటే ముందు వరసలో కళ్లు తుడుచుకున్నది ఈ మనిషే. అదే గుర్తుచేశాను.

"ఏటండీ గురువుగారూ! కత వేరు, యాపారం వేరు. పెరిగినప్పుడు సూద్దాం" అని నవ్వేశాడు.

ఇన్నేళ్లుగా గొంతు చించుకుని ఎవరికి చెప్తున్నట్టు నేను?

సాయంత్రం బయల్దేరుతుంటే మళ్లీ పిలిచాడు. "ఆదివారం మా అత్తగారొస్తన్నారు. ఆ సేప కతే ఇంకోసారి సెప్పండి."

చెప్తాను. ఈసారి చేప కమండలంలోనే ఊపిరాడక చస్తుంది. ఎందుకని ఒక్కడైనా అడుగుతాడేమో చూస్తాను.