ఇంజను మీద చెయ్యి

బాపూ,

నువ్వు పోయినంక ఇయ్యాలనే మొదటిసారి కోరుట్లల మ్యాట్నీ చూసిన. పోలీసు తండ్రి, గాడి తప్పిన కొడుకు కథ. గా తండ్రి ఇంటికచ్చి కొడుకు బండి ఇంజను మీద చెయ్యి పెట్టి చూస్తడు. అచ్చం నీ లెక్కనే. జగిత్యాల స్టేషన్ల డ్యూటీ దిగి అచ్చి నా బండిని గట్లనే చూస్తుంటివి. వేడి తగిలినా "అన్నం తిన్నవార?" అంటుంటివి, గంతే.

నేను ఇంటికచ్చేసరికి, మల్యాల కాడ ఎవడో ముసలాయనను బండితోటి గుద్ది ఆగకుంట పోయిండని వాడకట్టంత అనుకుంటున్నరు. నీ మనుమడు ముసుగు తన్ని పండుకున్నడు.

"పొద్దటిసంది ఇల్లు కదల్లే నాయినా" అన్నడు.

బయటికచ్చి, రేకుల నీడకున్న వాని బండి ఇంజను మీద చెయ్యి పెట్టిన. చుర్రుమన్నది.

లోపటికి పోయి "అన్నం తిన్నవార?" అన్న.

వాడు నా అరచెయ్యి దిక్కు చూసి ఏడ్వవట్టిండు.