వెనుక టైరుకు పసుపు

సుజాతా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. ఇవాళ మన బండికి వెడల్పు టైరు నేనే వేశాను. "రామేశ్వరం దాక పోవుడంటే గీ సన్న టైరు మీద నా నడుము ఉంటదా? జర ఎడల్పుది ఎయ్యి" అన్నావు కదా.

సబ్బునీళ్లు రాసి, ఇనుప కడ్డీలతో రిమ్ము మీదికి ఎక్కించేసరికి వేళ్లు కమిలిపోయాయి.

"కొత్త టైరుకు పసుపు పెట్టురా" అంది మీ అత్త. పెట్టాను.

వెనుక మనిషి కూర్చుంటే టైరు మడ్‌గార్డుకు తగులుతుందేమో చూడాలి. తగిలితే ఆ పసుపు మడ్‌గార్డుకు అంటుతుంది. నీ సీటు మీద ఇంకొకరిని కూర్చోమనబుద్ధి కాలేదు. మార్కెట్ యార్డుకు పంపాల్సిన వాటిలోంచి నీ అంత బరువున్న పసుపు బస్తాను తెచ్చి కట్టాను.

పెర్కిట్ దాకా పోయాను. స్పీడ్‌బ్రేకర్ దగ్గర బస్తా నా వీపుకు ఆనింది.

"జర పట్టుకో" అన్నాను.

ఇంటికొచ్చి మడ్‌గార్డు లోపల తడిమి చూశాను. చేతికి పసుపు అంటలేదు. టైరు సరిగ్గా సరిపోయింది.

మీ అత్త నా వెనుక నిలబడి చూస్తోంది.

"అంగి ఎనుకంత పసుపైంది. ఇడువు, ఉతుకుత."

"ఉండనియ్యమ్మా" అన్నాను.