వా పెడల్ మీద కుడి పాదం

సెప్టెంబరు 4, 2006, సోమవారం

ఫిజియో దీదీ గుండుసూదితో గుచ్చింది. మోకాలి కింద... తెలిసింది. పిక్క పక్కన... కొంచెం. పాదం మీద గుచ్చి, ఇక్కడ తెలుస్తోందా అని — "యహాఁ?" లేదు. "ఔర్ యహాఁ?" లేదు. బొటనవేలి పక్క సందులో గుచ్చుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంకెవరిదో కాలు.

స్కూటర్ కింద పడి మోకాలి పక్క నరం నలిగింది. మూడు నెలలయింది. స్పర్శ తిరిగి రావడానికి ఏడాది పట్టొచ్చు, రాకపోనూ వచ్చు అని డాక్టర్ అమ్మతో ఇంగ్లీషులో చెప్పాడు. అమ్మ అదే ఆసుపత్రిలో నర్సు. ముఖం కదలనివ్వలేదు. డాడీ కారిడార్‌లోనే నిలబడ్డారు. లోపలికి రారు. స్కూటర్ నడిపింది ఆయన.

సెప్టెంబరు 6

పాదాన్ని కిందికి నొక్కగలను. పైకి ఎత్తలేను. అంతే తేడా. పాదాన్ని ఎత్తి పట్టే ప్లాస్టిక్ స్ప్లింట్ తొడుక్కుంటే నడక వస్తుంది — టక్, టక్. మెట్ల మీద ఎక్కువ వినిపిస్తుంది.

సెప్టెంబరు 7

మళ్ళీ పనిలోకి. కరోల్ బాగ్, కోచింగ్ సెంటర్ ఆఫీసు, నా బల్ల, నా ఫోను. "మేడం, తెలుగు వస్తదంట గదా మీకు... కొత్త బ్యాచ్ ఎప్పుడు మేడం?" చెప్పాను. ఢిల్లీకి కొత్తట, ముఖర్జీ నగర్ నుంచి ఎలా రావాలో కూడా చెప్పాను. రోజంతా గొంతు దానంతటది పనిచేసింది.

సెప్టెంబరు 10, ఆదివారం

గిటార్ పెట్టె తెరిచాను. తీగలు తుప్పు పట్టాయి. మార్చాను. గిటార్ స్వరాన్ని 'వా' అనిపించే వా పెడల్ మంచం కింద ఉంది, దుమ్ము.

కుడి కాలు పెట్టాను. మునివేళ్ల వైపు గట్టిగా నొక్కితే లోపల క్లిక్ అంటుంది, అప్పుడు పెడల్ పనిచేయడం మొదలవుతుంది. ముందుకు వంచితే స్వరం సన్నగా పైకి లేవాలి, మడమ మీదికి వాలితే లోపలికి ముడుచుకోవాలి. ముందుకు వంచాను. వెనక్కి రాలేదు. పాదం అక్కడే ఉండిపోయింది. గదంతా ఒకటే కీచు.

అమ్మ వంటింట్లోంచి — "ఏంటే అది, పిల్లి కాలు తొక్కావా?"

నవ్వాల్సిన మాట. ఇద్దరం నవ్వలేదు.

సెప్టెంబరు 13

రోహిత్ ఫోను. మా బ్యాండ్‌లో డ్రమ్స్ వాడివే, మాటా వాడిదే. నవంబరు 25న నోయిడాలో కాలేజీ ఫెస్ట్ ఉంది. "తూ ఆ రహీ హై నా?" రెండు పాటల్లో వా ఉంది. రెండోది దాని మీదే నిలబడిన పాట.

వస్తున్నా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. రాను అనడానికి ఇంకా ఎక్కువ మాట్లాడాలి.

సెప్టెంబరు 17, ఆదివారం

సాకేత్‌లో రోహిత్ వాళ్ల బేస్‌మెంట్. డాడీ ఆటోలో దింపి బయటే కూర్చున్నారు, రెండు గంటలు. ఇప్పుడు స్కూటర్ తీయడం లేదు. ఆఫీసుకీ బస్సే.

పెడల్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో పాదానికి తెలియదు. క్లిక్ చెవికి అందదు, డ్రమ్స్. నాలుగుసార్లు తప్పు. ఎడమ కాలితో ప్రయత్నించాను — బరువంతా కుడి కాలి మీద పడి గోడకి కొట్టుకున్నాను. "స్టూల్ పే బైఠ్ జా యార్." కూర్చున్నాను. కూర్చుంటే ఎడమ పాదం డ్రమ్స్ వెంట పోతుంది, చేతి వెంట రాదు. ఇన్నేళ్లూ చేతితో కలిసి నడిచింది కుడిదే.

రోహిత్ కర్రలు సంచిలో పెట్టుకున్నాడు.

సెప్టెంబరు 18

నిన్న ఇంటికి రాగానే డాడీ అడిగారు. "ఏం ఇబ్బందొచ్చిందమ్మా?" చెప్పాను. ఎత్తలేను, ఆన్ అయిందో లేదో తెలీదు. ఆయన ఆఫీసు పని వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం. కాగితం తీసి గీశారు. గీస్తున్నంతసేపూ నా కాలి వైపు చూడలేదు.

సెప్టెంబరు 23, శనివారం

కరోల్ బాగ్, మేడ మీద మ్యూజిక్ షాపు. డాడీ గిటార్ మోశారు. షాపు అంకుల్ మూడు పెడల్స్ నేల మీద పరిచాడు.

మొదటిది నా దగ్గరున్న రకమే. బరువు, మంచి స్వరం, అదే క్లిక్. వద్దు.

రెండోది చిన్నది. కొంచెం వంచితే చాలు, స్వరం ఈ కొస నుంచి ఆ కొసకి పోతుంది. తెలిసే కాలికి బాగుంటుంది. నాకైతే ఎప్పుడూ ఏదో ఒక కొసలోనే.

మూడోదానికి అడుగున స్ప్రింగ్. కాలు ఆనిస్తే ఆన్, తీస్తే ఆఫ్. నొక్కాను, వదిలాను. స్ప్రింగ్ పాదాన్ని పైకి తెచ్చింది. జూన్ తర్వాత నా కుడి పాదం పైకి లేవడం ఇదే మొదలు. డాడీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను ఇంకోసారి నొక్కాను. లేచింది. నాకేమీ అనిపించలేదు.

కానీ పాదం పూర్తిగా వెనక్కి రాగానే పెడల్ ఆగిపోతుంది. పాట మధ్యలో స్వరం తెగుతుంది. "బేటీ, యే తో ఐసే హీ ఆతా హై," అన్నాడు అంకుల్ — ఇది ఇలాగే వస్తుందట. డాడీ పెడల్‌ని తిరగేసి అడుగు మూత చూస్తున్నారు. "స్ప్రింగ్ ఉంచుదాం. స్విచ్ తీసేద్దాం. స్విచ్ వేరే పెట్టెలో పెట్టి ఎడమ కాలికి ఇద్దాం."

అదే కొన్నాం.

సెప్టెంబరు 24

అమ్మ డాడీ కంచంలో అన్నం వడ్డించి డ్యూటీకి వెళ్లిపోయింది. "తినమను" అని నాతో చెప్పింది. ఆయన ఎదురుగానే కూర్చుని ఉన్నారు.

మూడు నెలల నుంచీ ఇంతే. ఏం కావాలన్నా నా ద్వారానే.

అక్టోబరు 2, సోమవారం

సెలవు. డాడీ బాల్కనీలో కూర్చుని స్టీలు టిఫిన్ డబ్బా మూతకి రంధ్రాలు వేస్తున్నారు. సోల్డర్ వాసన. నేను లోపల, మంచం మీద.

ఇది ఎక్కడా రాయలేదు. రాస్తాను.

జూన్‌లో ఆ రోజు రిహార్సల్‌కి లేటయింది. సాకేత్ వైపు మలుపు దగ్గర సిగ్నల్ పసుపు రంగులోకి మారింది. డాడీ బ్రేకు వేస్తున్నారు. వెనక నుంచి నేను, "పోనివ్వండి డాడీ, పోనివ్వండి" — భుజం మీద రెండుసార్లు తట్టాను. పోనిచ్చారు. పక్క నుంచి వ్యాను వచ్చింది.

ఆసుపత్రిలో అందరి ముందూ అమ్మ — "ఆడపిల్లని వెనకేసుకుని ఎవరైనా సిగ్నల్ దాటతారా అండీ? మతుండే చేశారా?" డాడీ తల వంచుకున్నారు. నేను స్ట్రెచర్ మీద ఉన్నాను. స్పృహలోనే ఉన్నాను. నోరు తెరవలేదు.

ఆ రోజు నొప్పి అనుకున్నాను. మర్నాడు నొప్పి లేదు. అప్పుడూ తెరవలేదు.

అక్టోబరు 15, ఆదివారం

పెట్టె అయింది. గిటార్ వైరు ఇందులోకి వస్తుంది. ఎడమ కాలితో పెద్ద బటన్ నొక్కితే స్వరం వా పెడల్ గుండా తిరిగి ఆంప్ స్పీకరుకి వెళ్తుంది, ఎర్ర లైటు వెలుగుతుంది. మళ్ళీ నొక్కితే వా పక్కకి తప్పుకుంటుంది, లైటు ఆరిపోతుంది. పాదానికి తెలియనిది కంటికి తెలుస్తుంది.

డాడీ ఆంప్ దగ్గర చెవి పెట్టి విన్నారు. "ముందు నీ పాత పెడల్ ఆఫ్‌లో ఉన్నా స్వరం మసగ్గా ఉండేది, గమనించావా? ఇప్పుడు తేటగా ఉంది. వా లేనప్పుడు నిజంగానే లేదు."

"బాగుంది డాడీ."

ఇంకేదైనా అనాలి. ఆయన ఎదురుచూస్తున్నారు. వైరు చుట్టి పెట్టాను.

అక్టోబరు 21

దీపావళి. పొద్దుటి నుంచే టపాకాయలు. గిటార్ ముట్టుకోలేదు.

అక్టోబరు 29

రోజూ అరగంట. స్టూలు అంచున కూర్చుని, మడమ ఆనించి. నొక్కడం నా పని, ఎత్తడం స్ప్రింగ్ పని. కొంచెం ఆలస్యంగా ఎత్తుతుంది. చేయి దాని కోసం ఆగాలి. ఆగడం నేర్పుతున్నాను చేతికి.

నవంబరు 4

ఫిజియో దీదీ. "యహాఁ?" లేదు.

నవంబరు 12, ఆదివారం

సాకేత్. రెండో పాట మూడుసార్లు వాయించాం, మూడుసార్లూ వచ్చింది. రోహిత్ కర్రలు పైకి విసిరి పట్టుకున్నాడు. "యే డబ్బా కిస్‌నే బనాయా?" మా డాడీ అన్నాను. వెళ్లి డాడీని లోపలికి పిలుచుకొచ్చాడు, చాయ్ ఇచ్చాడు. డాడీ గోడకి ఆనుకుని నిలబడే తాగారు. "అచ్ఛా హై, అచ్ఛా హై" — ఏదడిగినా అదే.

మూలన కొత్త కుర్రాడొకడు గిటార్‌తో కూర్చున్నాడు. కబీర్. "బస్, స్టాండ్‌బై హై," అన్నాడు రోహిత్ నా వైపు చూడకుండా.

నవంబరు 25, శనివారం

నోయిడా. పొగమంచు అప్పుడే విడిన మధ్యాహ్నం. స్టేజీ మీదికి ఆరు మెట్లు — డాడీ ఒక చేయి, రోహిత్ ఒక చేయి. స్టూలు. పెడల్. పెట్టె.

మొదటి పాటలో లైటు కనబడలేదు, ఎండ నేరుగా పెట్టె మీద పడుతోంది. ఆన్ అనుకుని ఆఫ్‌లోనే వాయించాను. ఎవరికీ తెలియలేదు. రెండో పాటకి ముందు రోహిత్ తన జాకెట్ విప్పి పెట్టెకి నీడ పెట్టాడు. ఎర్రగా వెలిగింది. నొక్కాను. ఆగాను. లేచింది. మళ్ళీ. జనం ముందు వరస నుంచి అరుపులు... వాళ్ల అరుపులకీ నాకూ మధ్య అద్దం ఉంది. చేయి తప్పలేదు. ఒక్కటి కూడా.

దిగాక రోహిత్ కౌగిలించుకున్నాడు. తర్వాత, వైర్లు చుడుతూ — జనవరిలో జైపూర్, చండీగఢ్ ఉన్నాయట. రైళ్లు, మెట్లు, రాత్రి ప్రయాణాలు. వాటికి కబీర్ వెళ్తాడట, ఢిల్లీవన్నీ నావట. "వహాఁ కబీర్ చలా జాయేగా. దిల్లీ వాలే సారే తేరే. ఠీక్ హై నా?"

"ఠీక్ హై."

ఆటోలో డాడీ అడిగారు, "ఏమన్నాడమ్మా?" బాగా వాయించానన్నాడని చెప్పాను. అబద్ధం కాదు.

నవంబరు 26

చర్చికి వెళ్లలేదు. జ్వరం అన్నాను. అమ్మ నుదురు మీద చేయి వేసింది. నర్సు కదా, తెలిసిపోయింది. "పడుకో" అంది.

నవంబరు 28, మంగళవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి డాడీ పెట్టె తెరిచి కూర్చున్నారు. లైటుకి చుట్టూ చిన్న గొట్టం కడుతున్నారు, ఎండలో కనబడాలని. అమ్మ డ్యూటీలో ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"డాడీ, ఆ రోజు పోనివ్వమన్నది నేను."

స్క్రూ తిప్పుతున్నారు. ఆపలేదు.

"పసుపు లైటు చూసి మీరు ఆపుతున్నారు. నేనే అన్నాను."

"నువ్వేమీ అనలేదమ్మా."

"భుజం తట్టాను డాడీ. రెండుసార్లు."

"హారన్లు మోగుతున్నాయి. నాకేం వినబడలేదు. దాటొచ్చనుకున్నాను, దాటాను. బండి నా చేతిలో ఉంది." చేయి చాచి — "ఆ చిన్న స్క్రూ ఇటివ్వు."

ఇచ్చాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. నిజంగా వినబడలేదా? అంత దగ్గరగా, చెవి పక్కనే అన్నాను.

నవంబరు 30

అమ్మకి చెప్పాలి. ఆయన వినకపోయినా నేను అన్నది అన్నదే.

పొద్దున అమ్మ తల దువ్వుకుంటుంటే వెనక నిలబడ్డాను. "ఏంటే?" అంది అద్దంలోంచి. "దువ్వెన" అన్నాను.

డిసెంబరు 3, ఆదివారం

తెలుగు ఆరాధన. నేను ముందు, గిటార్‌తో, కుర్చీలో. చర్చిలో పెడల్స్ ఉండవు, ఉత్త గిటారే. అమ్మ ఆడవాళ్ల వైపు మూడో వరస. డాడీ మగవాళ్ల వైపు, గోడ పక్కన.

సాక్ష్యాల సమయం, దేవుడు చేసిన మేలు లేచి చెప్పే వేళ. పాస్టర్‌గారు పిలవకుండానే డాడీ లేచారు. ఎప్పుడూ లేవని మనిషి. మైకు రెండు చేతులతో పట్టుకున్నారు. "జూన్‌లో నా తొందరపాటు వల్ల మా అమ్మాయి కాలు... అందరికీ తెలుసు. తప్పు నాది. నాదొక్కడిదే. ఇవాళ దేవుని దయ వల్ల అమ్మాయి మళ్ళీ వాయిస్తోంది. ప్రార్థించిన అందరికీ వందనాలు." కూర్చున్నారు.

ఆమెన్ అన్నారు అందరూ. వెనక ఒక ఆంటీ ముక్కు చీదుకుంది.

పాస్టర్‌గారు నా వైపు తిరిగారు. "అమ్మాయీ, నువ్వు కూడా రెండు మాటలు చెప్పమ్మా."

మైకు నా చేతికి వచ్చింది. లేచాను. స్ప్లింట్ కుర్చీ కాలికి తగిలి టక్ మంది. "ఆ రోజు..." అన్నాను.  అమ్మ నన్నే చూస్తోంది.

గోడ పక్కన డాడీ తల అడ్డంగా ఊపారు. చాలా కొంచెం. వద్దు అని.

విన్నారు. ఆ రోజు సిగ్నల్ దగ్గర నా మాట విన్నారు.

 తర్వాత, పాటల పుస్తకంలో రాబోయే పాట నంబరు చెప్పాను. కాగితాల చప్పుడు. అందరూ పుస్తకాలు తెరిచారు.

అమ్మ తెరవలేదు. డాడీ వైపు ఒకసారి చూసింది, మళ్ళీ నా వైపు. పుస్తకం ఒళ్లో మూసే ఉంది. నేను వాయించడం మొదలుపెట్టాను.