తీగలో మూడో వంపు

లౌటోకా దగ్గరి చెరుకు ఎస్టేటు,
ఫిజీ దీవులు,
1913 ఆగస్టు 10.

చిరంజీవి తమ్ముడు పోతయ్యకు అన్న మునియ్య దీవెనలు. నేను క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందనీ, మెట్టచేను రెండోసారి దున్నావనీ తెలిసి సంతోషించాను. అందరం క్షేమమని రాయడం అలవాటు. ఈసారి నా మట్టుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న ఏడో తేదీన అందింది. నువ్వు వేసిన తేదీని బట్టి చూస్తే అరవై ఎనిమిది రోజులు పట్టింది. ఇదీ అన్ని రోజులే పడితే అక్టోబరు పదిహేడుకు నీకు చేరాలి. దీపావళి వెళ్లాక కూలీలను పోగుచేసే మేస్త్రీతో, ఇక్కడికి పడవెక్కడానికి మద్రాసు డిపోకు బయల్దేరతానన్నావు కాబట్టి లెక్క చూశాను. పది రోజుల పైన వ్యవధి ఉంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వంట ఎవరు చేస్తున్నారని అమ్మ అడిగిందట. మా గదిలో ముగ్గురం, వంతులేసుకుంటాం. గది పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు. వంటా అందులోనే, పడకా అందులోనే. వానలు మన దగ్గరిలా కాదు, డిసెంబరులో మొదలై మార్చి దాకా పడతాయి. వానకు పని ఆగదు.

ఇక నిరుడు నీకు పంపిన నా ఫోటో సంగతి. నా మెడగుడ్డ కదలకుండా పట్టి ఉంచిన తీగ క్లిప్పు లాంటిది కంసాలి చేత ఇత్తడితో చేయించుకున్నానని రాశావు. ఆయన భూతద్దం పెట్టి ఫోటో చూశాడనీ, ఎనిమిది రోజులు తిప్పుకున్నాడనీ, ఊళ్లోవాళ్లంతా వచ్చి చూసి వెళ్లారనీ రాశావు. ఒకటి చాలా, రెండు తెచ్చుకోవాలా అని అడిగావు.

ఒకటీ అక్కర్లేదు. ఆ మెడగుడ్డను ఇక్కడ టై అంటారు. అది నాది కాదు. కోటూ నాది కాదు. నిరుడు జూలైలో ఒక ఆదివారం ఫోటోలు తీసే మనిషి మా లైనుకు, అంటే కూలీల గదుల వరసకు, వచ్చాడు. వెంట మా సర్దారు రామ్ ప్రసాద్ ఉన్నాడు. మాతో పని చేయించేది అతనే. ఒక కోటు, ఒక టై, ఒక కుర్చీ తెచ్చారు. మద్రాసు వైపు నుంచి వచ్చిన పదకొండు మందిని వరసగా కూర్చోబెట్టారు. ఒకడు లేవగానే కోటు విప్పి ఇంకొకడికి తొడిగారు.

చొక్కా తేలేదు. కోటు కింద ఒళ్లు కనబడకుండా తెల్ల జేబురుమాలు పరిచి, దానిమీద టై వేశారు. ఊపిరి పీల్చినప్పుడల్లా రుమాలు జారుతోంది. రామ్ ప్రసాద్ పటకారు తెప్పించి, కంచెకు వాడే ఇనప తీగ జానెడు కత్తిరించి వంచాడు. టైనూ రుమాలునూ కోటు అంచునూ కలిపి ఆ తీగతో పట్టించాడు. నువ్వు చూసిన క్లిప్పు అదే. పదకొండు మందికీ ఆ ఒక్కటే.

"ఏ మద్రాజీ, సీధా బైఠ్! ఆజ్ తూ సాహెబ్ హై" అని నా గడ్డం పట్టుకుని నిటారుగా లేపాడు. సాహెబువయ్యావని వెక్కిరింపు. మేమూ నవ్వాం. మునస్వామి, అదే మన ఏటవతలి ఊరివాడు, నాతో ఒకే పడవలో వచ్చినవాడు, "పెండ్లికి గూడా నాకు ఇంత మర్యాద జరగలేదప్పా" అన్నాడు.

ఎడమ చెయ్యి జేబులో ఎందుకు పెట్టుకున్నావని అడిగావు. పెట్టింది సర్దారే. ఆ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. చెరుకు బండ్లను ఒకదానికొకటి తగిలించే కొక్కెంలో నలిగిపోయాయి. ఆస్పత్రిలో పందొమ్మిది రోజులున్నాను. పనికి రాని ఆ రోజులు నా గిర్మిట్‌కు, అంటే మనం వేలిముద్ర వేసే ఐదేళ్ల ఒప్పందానికి, చివర కలిపారు. అమ్మకు వేళ్ల సంగతి చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

ఇంతవరకూ రాసింది నాకు జరిగింది. నేను చేసింది ఇంకా రాయలేదు.

ఫోటోలు తీసిన మర్నాడు రామ్ ప్రసాద్ నన్ను పిలిచి పదకొండు కాగితాలు ఇచ్చాడు. మా లైనులో తెలుగు రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్కొక్కరి ఇంటికీ ఉత్తరం రాయాలి, ఏం రాయాలో తానే చెబుతానన్నాడు. పని తేలిక, ఇల్లు మంచిది, గుమస్తా ఉద్యోగం, తమ్ముళ్లను పంపండి. అతను హిందీలో చెప్పాడు, నేను తెలుగులో రాశాను. పది ఉత్తరాల మీద వాళ్ల చేత వేలిముద్రలు వేయించాను. చదివి వినిపించమని ఇద్దరు అడిగారు. క్షేమమని రాశానన్నాను. పదకొండోది నీకు వచ్చింది.

ఆ ఉత్తరాలు ఎవరి కోసమో సర్దారు చెప్పలేదు, నాకు తెలియదు. ఎందుకో మాత్రం తెలుసు. తెలిసే రాశాను. మరుసటి సోమవారం నన్ను కోత నుంచి తీసి గుర్రాల కొట్టంలో వేశారు. ఇప్పుడూ అక్కడే ఉన్నాను.

మునస్వామి తమ్ముడు నర్సయ్య ఇక్కడికి వచ్చి సుఖంగా ఉన్నాడని మేస్త్రీ చెప్పాడని రాశావు. వచ్చిన మాట నిజం. మార్చిలో వచ్చాడు. అన్న ఉన్న ఎస్టేటుకే పంపారని అందరం సంబరపడ్డాం. ఇంటికి చేరిన అన్న ఫోటోలు రెండింటిలో ఒకటి అమ్మ దగ్గర ఉంచి, రెండోది మూటలో భద్రంగా దాచుకుని తెచ్చాడు. లైనులో అడుగుపెట్టగానే, "అన్నా, నీ కోటు యాడ?" అన్నాడు.

"ఉతకనీకి ఏసినా" అన్నాడు మునస్వామి. వాడి ఒంటి మీద గోనెగుడ్డ ఉంది.

నర్సయ్యకు పద్దెనిమిదేళ్లు. అప్పజెప్పిన పని సాయంత్రానికి ముగించలేకపోయేవాడు. పని మిగిలితే ఇక్కడ నేరం కింద లెక్క. రెండుసార్లు కోర్టుకు తీసుకెళ్లారు. రెండోసారి జైల్లో ఉంచి పంపారు. జూలై పద్నాలుగున లైను వెనక మామిడిచెట్టుకు ఉరేసుకున్నాడు.

దహనం చేసి వచ్చాక మునస్వామి నా దగ్గర కూర్చున్నాడు. "నీ రాత శానా బాగుంటాదన్నా. నా తమ్ముడు దాన్ని సదువుకునే పడవెక్కినాడంట" అన్నాడు. నన్ను తిట్టలేదు.

పోతయ్యా, నువ్వు రావద్దు.

పోయిన ఉత్తరం రాసిందీ ఈ చెయ్యే, ఇప్పుడు దీన్ని ఎందుకు నమ్మాలని నువ్వడగవచ్చు. నా మాట నమ్మమనను. నీ కళ్లతో చూడు. నా ఫోటో తీసుకుని మునస్వామి ఇంటికి వెళ్లు. వాళ్లమ్మ దగ్గర వాడి ఫోటో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టు. కోటుకు కింది గుండీ రెండింట్లోనూ ఉండదు. తీగలో మూడో వంపు సర్దారు పటకారు జారి ఎడమకు వంకర పోయింది. అది రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది. కంసాలిని వెంటబెట్టుకుని వెళ్లు, ఆయన చెబుతాడు. మేస్త్రీ మాటలు విన్న మిగతా కుర్రాళ్లనూ తీసుకెళ్లు.

ఈ ఉత్తరం ఆలస్యమై నువ్వు మద్రాసు చేరాక అందితే, ఇంకో దారి ఉంది. పడవెక్కే ముందు దొర ముందు నిలబెట్టి, ఇష్టపడే వెళ్తున్నావా అని అడుగుతారు. నేను అవునన్నాను. అవునంటే తొందరగా భోజనం పెడతారని పక్కవాడు చెప్పాడు. నువ్వు కాదను. ఎవరు కళ్లెర్రజేసినా కాదను.

దీన్ని ఎస్టేటు ఆఫీసులో ఇవ్వడం లేదు. గిర్మిట్ తీరి బండి తోలుకుంటున్న బిజయ్ లౌటోకా పోస్టులో వేస్తానన్నాడు.

దీంతో ఇంకో కాగితం జత చేశాను. అది మునస్వామి వాళ్లమ్మకు. నిన్న వచ్చి, "కాయితం తియ్యన్నా. ఈ తూరి నేను చెప్తా, నువ్వు రాయి" అన్నాడు. నాలుగు మాటలే చెప్పాడు. "అమ్మా, నర్సయ్య పోయినాడు. నేను పక్క గదిలోనే ఉండా. నాకు తెల్లేదు. మన చిన్నోణ్ణి పంపొద్దు." ఇంకేమైనా రాయమంటావా అని అడిగాను. చాలన్నాడు. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. అప్పుడు వేలిముద్ర వేశాడు.

నువ్వు వాళ్లింటికి వెళ్లగానే ఆమె నర్సయ్య కబురు తెచ్చావనుకుని ఎదురొస్తుంది. ఆమెకింకా తెలియదు. ఫోటో మాట అప్పుడే ఎత్తకు. ముందు ఈ కాగితం చదువు. ఆమె ఎంతసేపు ఏడిస్తే అంతసేపు కూర్చో. తర్వాత ఫోటో అడుగు.

ఇట్లు,
నీ అన్న
మునియ్య